దండెం మీద లేని చొక్కా

ఏప్రిల్ వచ్చిందంటే రోవెనాకు ఆ చొక్కాల దిగులు పట్టుకుంటుంది. మిన్నెసోటాలోని ఆ చిన్న కాలేజీలో మహిళా కేంద్రానికి మొదటినుంచీ ఆమే డైరెక్టరు. బాయిలర్ గది పక్కన చీకటి కొట్టు ఇస్తే, డీన్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి దాన్ని మేడ మీదికి తెచ్చిన మనిషి. ఆడపిల్లకు జరిగింది దాచేస్తే అందరికీ మంచిదని ఏ డీనైనా అంటే మండిపడేది. అంతటి మనిషికి చొక్కాలంటే దిగులేమిటంటే ఏం చెప్పాలి? తమకు జరిగిన అన్యాయాన్ని ఆడపిల్లలు వాటిమీద రంగుతో రాసిస్తారు. పేర్లుండవు. ఏటా పచ్చిక మీద దండేలు కట్టి వాటిని తగిలిస్తారు. గాలి దూరితే లోపల ఎవరో ఉన్నట్టే భుజాలు లేస్తాయి.

అందులో పసుపుపచ్చది కారిన్ అనే విద్యార్థినిది. అది రాసిన చలికాలమే ఆ పిల్ల నదిలో పడి చచ్చిపోయింది. ఏటా దాన్ని తగిలిస్తానని రోవెనా చేత మాట తీసుకుని మరీ పోయింది.

ఈ ఏడు కారిన్ తల్లి ఐరీన్ వచ్చి, కూతురిది ఏదో చూపించమంది. ఎవరిదేదో చెప్పకూడదన్నది అక్కడి కట్టుబాటు. అయితే అన్నీ నేనే తగిలిస్తాను, దానిదీ నా చేతుల మీదుగా పోతుంది కదా అంది తల్లి. కాదనడానికి రోవెనాకు నోరు రాలేదు. చొక్కాల బుట్ట కోసం లోపలికెళ్లి, పసుపు చొక్కా తీసి కోటు కింద దాచేసింది. అది చదివితే ఈ తల్లి ఏమైపోతుంది పాపం! కానీ కారిన్ పక్కనే నిలబడి చూస్తున్నట్టనిపించింది.

ఐరీన్ తొందరపడలేదు. ఒక్కొక్కటీ చదివి, ముడతలు సాపు చేసి, క్లిప్పులు పెట్టింది. బుట్ట ఖాళీ అయింది.

"మా అమ్మాయిది ఇందులో లేదండీ," అంది.

మీరు పోల్చుకోలేదేమోనని రోవెనా నసిగింది.

"పోల్చుకోవడమెందుకు? అందులో ఏముంటుందో నాకు తెలుసు. అది ముందు నాతోనే కదా చెప్పింది. నోర్ముయ్, మీ బాబాయి అలాంటివాడు కాదన్నాను."

రోవెనాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ తిట్టిపోసిన డీన్ల పనే తనూ చేసింది. కోటు విప్పి చొక్కా అందించింది. 'అమ్మకు చెప్పాను' అని మాత్రమే ఉంది దానిమీద.

ఐరీన్ దాన్ని ముందు వరసలో, దారినపోయే అందరికీ కనబడేలా తగిలించింది. గాలికి చొక్కా భుజాలు లేచాయి. ఆమె వాటిమీంచి చేతులు తియ్యలేదు.

"ఇంకొక్కసారి చెప్పవే తల్లీ," అంది. "వింటాను."