కొట్టం వైపు వాలు

గోడలు లేచాయి. కప్పు పడింది. గచ్చు ఆరింది. తాపీమేస్త్రీ జలంధర్ సూట్‌కేసు సర్దుకున్నాడు. దోహా ఏషియన్ టౌన్‌లో కొన్న టార్చిలైటు, దుప్పటి, భార్య స్వర్ణ చెప్పిన సబ్బులు అందులో ఉన్నాయి. గురువారం విమానం. శనివారం జగిత్యాల దగ్గర ఊళ్ళో అతని సొంత ఇంటికి స్లాబు. ఆ రోజు అక్కడ ఉండాలని రెండేళ్ళుగా సెలవు వాడుకోలేదు. ఇక యజమాని వచ్చి ఇక్కడ కట్టిన ఇల్లు చూసి సరే అనాలి. ఆయన సరే అంటే ఇంజినీరు సత్యనారాయణమూర్తి అతన్ని సెలవు మీద పంపిస్తాడు.

దోహాకు ఉత్తరాన, యజమాని తోటలో కట్టిన ఆ ఇల్లు వేల్స్‌లో ఒక రైతు ఇంటికి నకలు. యజమాని చదువుకునే రోజుల్లో అక్కడ ఒక ముసలమ్మ దగ్గర అద్దెకున్నాడు. ఆయన ఇచ్చిన ఫొటోలు చూసి మూర్తి ప్లాను గీశాడు. రాతి గోడలు మూరన్నర మందం. పొయ్యి ఉన్న గోడే పొగగొట్టమై పైకి పోతుంది. కప్పు మీది పలకరాళ్ళు ఓడలో వచ్చాయి.

మంగళవారం యజమాని వచ్చాడు. గోడ తడిమాడు. పొయ్యి ముందు ఆగి, సీసా మూత తీసి నేల మీద నీళ్ళు పోశాడు. నీళ్ళు పోసినచోటే నిలిచాయి. మూర్తితో మాట్లాడి వెళ్ళిపోయాడు.

"ఏమన్నడు సారూ?" జలంధర్ అడిగాడు.

"గచ్చు పగలగొట్టాలయ్యా."

"ఎందుకు? లెవెల్ పెట్టి చూడు సారూ, నూలుపోగంత తేడ లేదు."

"అదే తప్పంట. తేడా ఉండాలంట."

మూర్తి సిమెంటు బస్తా మీద కూర్చుని చెప్పాడు. అసలు ఇల్లు కొండవాలు వెంబడి కట్టింది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఒకటే గది, నడుమ నిప్పు. తర్వాతి తరం పొగగొట్టం కట్టింది. ఆ తర్వాతివాళ్ళు అటక వేసి పైన పడుకున్నారు. పలకల కప్పు ఇంకా తర్వాత. ఇన్ని మారినా ఎగువ కొసన మనుషులు, దిగువ కొసన పశువుల కొట్టం, మధ్యన ఒకటే వాకిలి. పశువుల వెచ్చదనం ఇంట్లోకి రావాలి, పేడనీళ్ళు కిందికి పోవాలి. ఫొటోల్లో వాలు తెలియలేదు. ఇక్కడ నేల చదును. మూర్తి చదునుగానే గీశాడు.

"ముసలమ్మ పోయాక కొన్నవాళ్ళు అక్కడ కూడా నేల చదును చేయించేశారంట. అందుకని ఈయనకి ఇక్కడైనా కావాలి."

పక్కన రాళ్ళు ఏరుతున్న కూలీ తిరుమల్ తల ఎత్తాడు. "గొడ్లను ఏడికెల్లి తెస్తడట సారూ?"

"గొడ్లెక్కడివయ్యా? అక్కడ కారు పెడతాడు."

"అయితే కారు పేడేస్తదన్నట్టు."

జలంధర్ నవ్వలేదు. "నా సెలవు సారూ?"

"నువ్వు పోతే గచ్చు ఎవరు పోస్తారు? టికెట్ జరిపిస్తాను."

"స్లాబు జరగది సారూ. మిక్సరోనికి, కూలోళ్ళకు మాటిచ్చినం."

"తప్పు నాదేనయ్యా. నీ సెలవు సంగతి ఆయనకి చెప్పాను కూడా. వినలేదు."

మర్నాడు గచ్చు పగలగొట్టారు. శనివారం జలంధర్ కొత్త గచ్చు మీద తాపీ రుద్దుతుంటే స్వర్ణ వీడియో కాల్ చేసింది. ఊళ్ళో స్లాబు సగం పడింది.

"చూస్తున్నవా? మంచిగ పోస్తున్నరు!"

"వాలు ఎటు పెట్టిండ్రు?"

"ఏం వాలు?"

"వాన నీళ్ళు పోయేతందుకు. ఎనుకకు దించుమని చెప్పిన గదా. మేస్త్రీకి ఫోనియ్యి."

"ఆయన పైన ఉన్నడు, ఈ చప్పుడుల ఇనవడదు. నువ్వుంటే చూసుకుందువు. దుబాయ్‌ల కూసోని వాలంటే నాకేమెర్క?" గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

వారం తర్వాత యజమాని మళ్ళీ సీసా మూత తీశాడు. నీళ్ళు పొయ్యి ముందు నుంచి వాకిలి దాటి, కారు పెట్టే కొస దాకా పోయాయి. ఆయన తల ఊపాడు.

"యల్లా, ఇక పో," అన్నాడు మూర్తి. "ఎల్లుండికి టికెట్ వేయిస్తాను."

జలంధర్ తాపీకి అంటిన సిమెంటు గోకుతున్నాడు.

"ఇప్పుడు పోయి ఏం చెయ్యాలె సారూ? వానలు పడ్డంక పోత. మా స్లాబు మీద నీళ్ళు ఏడ నిలుస్తయో అప్పుడే తెలుస్తది."