మూతలు చాలు, డబ్బాలొద్దు

సూరికి బల్లులంటే చచ్చేంత భయం. తేలు కనబడితే చెప్పు తీస్తాడు, పాము కనబడితే కర్ర వెతుకుతాడు, బల్లి కనబడితే మాత్రం గది ఖాళీ చేస్తాడు. చిన్నప్పుడు విజయనగరంలో, ఎవరిదో పెళ్లి పందిట్లో, ఒక బల్లి సరిగ్గా వాడి నడినెత్తిన పడింది. నాయనమ్మ పంచాంగం తెరిచి ఫలితం చూసి, పైకి చదవకుండా మూసేసి లోపలికెళ్లిపోయింది. ఆ చదవని ఫలితం కోసం సూరి ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

కాపురం సికింద్రాబాదు మెట్టుగూడలో, ఉద్యోగం యాప్రాల్‌లో. ఒక ఇంటి పై అంతస్తులో కల్పలత మేడమ్ పెట్టిన చిన్న కంపెనీ అది. వెలుతురు పసిగట్టే సెన్సార్లు చేస్తారు. గాజు పలక మీద పెరోవ్‌స్కైట్ అనే, సీసం కలిసిన మందు ద్రావణం చుక్క వేసి, గిర్రున తిప్పి, వేడి పలక మీద ఆరబెడితే నల్లటి పల్చటి పొర ఒకటి మిగులుతుంది. దానిమీద వెలుతురు పడితే కరెంటు గలగలా పారాలి, చీకట్లో పెడితే నోరు మూసుకుని కూర్చోవాలి. సూరి చేసే సెన్సార్లు ఆ రెండోది తప్ప అన్నీ చేసేవి. నల్లగుడ్డ కప్పి, పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టినా కరెంటు వస్తూనే ఉండేది.

"ఏందీ సూరీ గిది? చీకట్ల సుత వెలుతురున్నదని చెప్తది. గింత అబద్ధాలాడే సెన్సార్‌ని ఎవ్వరు కొంటరు?" అనేవారు మేడమ్.

సూరి ద్రావణం మార్చాడు, వేడి మార్చాడు, గాజు కడిగే సబ్బు కూడా మార్చాడు. సెన్సార్లు మారలేదు.

ఒక మధ్యాహ్నం, అప్పుడే గాజు పలకను వేడి పలక మీద పెట్టాడు. ఆ వేడి పలక ఉండేది, పొగను బయటికి లాగే గాజు అలమరలో. తలెత్తి చూస్తే అలమర లోపలి కప్పుకి, సరిగ్గా పలకకు పైన, బల్లి. అది కింద పడితే పొర పాడవుతుంది, బల్లి చస్తుంది, లేదా అక్కణ్ణుంచి ఎగిరి తనమీదికి దూకుతుంది. ఈ మూడో సంగతే సూరిని కదిలించింది. పక్కగదిలోకి పరుగెత్తాడు. భోజనాల బల్ల మీద తన టిఫిన్ డబ్బా మూత చేతికి తగిలింది. దాన్ని పొడుగాటి పటకారుతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, పలక మీద బోర్లించి, గుమ్మం దగ్గర నిలబడి కాపలా కాశాడు. బల్లి తీరిగ్గా వెళ్లిపోయాక మూత తీశాడు. సీసం కలిసిన మందు తగిలిన మూతను మళ్లీ అన్నానికి వాడకూడదు గనక మూలనున్న పాత సామాన్ల తొట్లో పడేశాడు. బల్లికి భయపడ్డానని ఒకరితో చెప్పుకునే సంగతి కాదు గనక అంతటితో మర్చిపోయాడు.

సాయంత్రం ఆ సెన్సార్‌ని చీకటి పెట్టెలో పెట్టారు. మీటరులో ముల్లు కదల్లేదు. లైటు వేశారు. ముల్లు ఎగిరిపడింది. ఆర్పారు. పడుకుంది.

మేడమ్ తానే ఇంకోసారి లైటు వేసి ఆర్పి చూశారు. తర్వాత నెమ్మదిగా, "ఇంకోటి జెయ్యి," అన్నారు.

సూరి ఇంకోటి చేశాడు. అది అబద్ధాలాడింది. మర్నాడు చేసినవన్నీ ఆడాయి.

"ఆ రోజు ఏం జేసినవో గదే జెయ్యి," అన్నారు మేడమ్. "తినుడు, తాగుడు, అన్నీ గట్లనే ఉండాలె. కొత్త తెలివి చూపియ్యకు."

అక్కడే పని చేసే రజితకు జ్ఞాపకశక్తి ఎక్కువ. "అన్నా, ఆ రోజు నువ్వు చారల చొక్కా ఏసుకున్నవ్. కూరల ఎండురొయ్యలున్నయి, వాసన నా దాకొచ్చింది. నేను సుత రెండు తుమ్ములు తుమ్మిన," అంది.

అలా షురూ అయింది. సూరి రోజూ చారల చొక్కా వేసుకొచ్చేవాడు. వాడి భార్య భానుప్రియ రోజూ వంకాయ ఎండురొయ్యల కూర వండి పెట్టేది. రజిత తుమ్ము రాక పరేషానై, చిలకలగూడ నుంచి నస్యం డబ్బా తెప్పించుకుంది. నస్యానికి లెక్కా పత్రం ఉండదు. రెండు తుమ్మాల్సింది తుమ్ముతూనే ఉండేది, మేడమ్ మాత్రం "చాలు, ఆపు" అని గద్దించేవారు. ఆ రోజు మేడమ్ నీళ్ల మోటరు గురించి ఇంటి ఓనరుతో ఫోన్లో పోట్లాడారట. ఆవిడ మళ్లీ ఆయనకు ఫోన్ చేశారు.

"మోటరు బాగు చేయించిన కదమ్మా," అన్నాడాయన.

"బాగైతే బాగైంది. నేను తిట్టేది నేను తిట్టాలె, మీరు జెర వినున్రి," అని మొత్తం మళ్లీ తిట్టారు మేడమ్. ఆయన మర్యాదస్తుడు, విన్నాడు.

సెన్సార్లు మాత్రం పాత పాటే పాడాయి. ఇంట్లో భానుప్రియ కూడా విసిగింది. "ఏటండీ ఇది, మీ ఆఫీసులో సెన్సార్లు చేస్తన్నారా, నా వంటకి పరీక్షలెడతన్నారా? పక్కింటోళ్లు ముక్కు మూసుకుని తిరగతన్నారు," అంది.

భోజనాల వేళ మేడమ్ సూరి డబ్బాను తనిఖీ చేయడం కూడా అలవాటు చేసుకున్నారు, కూర అదేనా కాదా అని. ఒకరోజు అలా చూస్తూ ఆగిపోయారు.

"కూర అదే. చొక్కా అదే. డబ్బాకి గీ ప్లాస్టిక్ కవరు, గీ రబ్బరు బ్యాండు ఏంది? ఆ రోజు గిట్లనే ఉన్నదా?"

"లేదు మేడమ్. మూత ఉండేది."

"మూతేది?"

సూరి నేలచూపులు చూశాడు. ఎండురొయ్యలు తిని తిని అప్పటికే సగం చచ్చి ఉన్నాడు, దాచే ఓపిక లేదు. బల్లి దగ్గర మొదలుపెట్టి, పటకారు మీదుగా, తొట్టి దాకా చెప్పేశాడు.

రజిత నవ్వాపుకోలేక నస్యం లేకుండానే తుమ్మింది. "అన్నా, నేను కంచి పోయి బంగారు బల్లిని ముట్టుకొచ్చిన. నన్ను ముట్టుకుంటే సుత దోషం పోతదంట. ముట్టుకో," అని చెయ్యి చాపింది. సూరి మొహమాటపడకుండా ముట్టుకున్నాడు.

మేడమ్ నవ్వలేదు. "పొర ఎండుతుంటే ఆవిరి బయటికి పోకుంట ఆ మూత ఆపింది," అన్నారు మెల్లగా. "అన్నం దించినంక మూత పెట్టి ఉమ్మగిల్లనిస్తం చూడు, గట్ల. నిదానంగ ఎండితే స్ఫటికాలు పెద్దగయితయి, నడుమ సందులు తక్కువయితయి. ఆ సందుల్లకెళ్లే చీకట్ల దొంగ కరెంటు పోతున్నది. సూరీ, నీ భయానికో దండం. పా, మూత తియ్యి."

తొట్లోంచి మూత తీసి కడిగి బోర్లించారు. ఆ సాయంత్రం మీటరు ముల్లు చీకట్లో కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. చారల చొక్కాకు సెలవిచ్చి సూరి ఇంట్లో పప్పుచారు అడిగి కాయించుకున్నాడు.

ఒక్క మూత ఏ మూలకు? జనరల్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టుకి సూరి, రజిత కలిసి వెళ్లారు. కొట్టు తుకారాంది.

"మూతలు కావాలి. మూతలు చాలు, డబ్బాలొద్దు," అన్నాడు సూరి.

తుకారాం ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "డబ్బాలు ఏం పాపం చేసినయి?"

"మా లాబొరేటరీలో వాటితో పని లేదు."

"మూతతోని డబ్బా లేకుంట ఏం పని సార్? రేపు నా కాడికి డబ్బా కొననీకి మనిషొస్తే, మూత లాబొరేటరీకి పోయింది అని చెప్పాల్నా?"

చివరికి డబ్బాలతో సహా కొనక తప్పలేదు. యాప్రాల్ ఆఫీసు నిండా మూతల్లేని డబ్బాలు చేరాయి. వాటిలో మరలు పోశారు, పెన్నులు పెట్టారు, రజిత కిటికీలో కొత్తిమీర వేసింది. ఇంకా మిగిలాయి.

అయితే తుకారాం నోరు ఊరుకోలేదు. యాప్రాల్లో ఎవరో మూతలు మాత్రమే కొంటున్నారన్న కబురు బజారంతా పాకింది. ఏ ఇంట్లోనైనా డబ్బాలు పోయి మూతలు మిగులుతాయి గాని, మూతలు పోయి డబ్బాలు మిగలడం అరుదు. అలా మిగిలిన మూతల్ని పారేయడానికి మనసొప్పక అటక మీద దాచుకున్నవాళ్లు సికింద్రాబాదులో ఎంతమందో అప్పుడు తెలిసింది. గవరమ్మ అనే పెద్దావిడ మొదట వచ్చింది, చీరకొంగులో నాలుగు మూతలు కట్టుకుని. వాటిలో బరువైన ఇత్తడి మూత ఒకటి ఉంది. మేడమ్ దాన్ని పరీక్షకు పెట్టారు. దాని కింద ఆరిన సెన్సార్ అన్నిటికన్నా బాగా పనిచేసింది.

"దీని డబ్బా ఎక్కడుందమ్మా?" అని అడిగాడు సూరి.

"తెలిస్తే నీకెందుకిత్తాను నాయినా," అంది గవరమ్మ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "కొంచెం టీ చెప్పు."