కోర్టు దెబ్బ

శాంతిపురం పక్కన ఆ పల్లెలో తెల్లారితే ఆడవాళ్లు కసువూడ్చి, పేడనీళ్లు చల్లి, మొగవాళ్ల గాయాలకు గుడ్డలు మార్చేవాళ్లు. భూమి తగాదాలో తగిలిన దెబ్బకు ఆ పక్కల నెత్తురు రాదు. హైదరాబాదు నుంచి తీర్పు కాగితం వచ్చి ఊరి పొలిమేర దాటినాకనే కారుతుంది. అందాకా మనిషి తింటాడు, దున్నుతాడు, పిల్లల్ని కంటాడు. దాన్ని కోర్టు దెబ్బ అంటారు.

ఈశ్వరమ్మ కొడుకు ఆదినారాయణకు మెడ సగం తెగి ఉంది. నరికింది సొంత చిన్నాయన రెడ్డెప్ప. రెండు చేన్ల నడిమి గెనిమ మీదనే ఆదినారాయణ విసిరిన గొడ్డలికి రెడ్డెప్ప పొట్ట చీలింది. అన్న కట్టె ఆరకముందే గెనిమ జరిపి, బోరుండే చేని చెక్క కలుపుకున్నవాడు రెడ్డెప్ప. ఈశ్వరమ్మ దాన్ని మరిచే మనిషి కాదు.

పొట్టకు తుండుగుడ్డ బిగించుకోని అతను రోజూ ఆమె వాకిలి ముందరనే పోయేవాడు.

"ఏం వొదినా, నీ ఆర్డరు యాడికొచ్చె?"

"వస్తాదిరా. నీ పేగులు నా కండ్లతో సూస్తా."

"మరి నీ కొడుకు మెడో?"

ఆమె రాజధాని మీద పడేది. "బెంగుళూరు ఈడనే ఉండాది. పొద్దున పోతే సంగటేళకు ఇంటికి రావొచ్చు. రాజధానిని యాల ఆ మూలకు పెట్టినారప్పా? బుద్ధుండే పనేనా?"

తొంభై ఆరులో ఈశ్వరమ్మ కేసు గెలిచింది. ఆర్డరు తానే తెస్తానని బయల్దేరింది. కోడలు మునీశ్వరి కాళ్లు పట్టుకుంది.

"తేవద్దత్తా. ఆ మెడకు గుడ్డ మార్చేది నేను. నువ్వొకసారన్నా సూసినావా?"

"గెలిచి వదిలేస్తానా? లెయ్."

తిరుగు ప్రయాణంలో పుంగనూరు బస్టాండులో దిగి ఊరికి పోయే కుప్పం బస్సెక్కబోతుంటే రెడ్డెప్ప ఎదురొచ్చినాడు. మటన్ కత్తి ఆమె కడుపులో దించి, తిప్పి, లాగినాడు.

"ఇప్పుడు తీసుకపో వొదినా. ముగ్గురం కారదాం."

ఒక్క చుక్క రాలేదు. జనం తిరిగి చూసినారు. "కోర్టు దెబ్బేలే," అని టీ అంగడాయన గ్లాసులు కడుక్కున్నాడు.

ఈశ్వరమ్మ కత్తి పెరుక్కోని అతని భుజంలో ఎముకకు తగిలేదాకా పొడిచింది. "ఇది గెనిమకు," అనింది. రెండోసారి ఎత్తబోయి, ఇంకో చేత్తో తన కడుపు తడుముకుంది. వేళ్లు లోపలికి పోయినాయి. చల్లగా, తెరిచిన తలుపు మాదిరి. ఇదా, ఇన్నేండ్లు నా కొడుకు మెడలో పెట్టుకోని మడక దున్నింది?

కత్తి రెడ్డెప్ప కాళ్లకాడ పారేసింది. కొంగు బిగించి, ఆర్డరు కాగితం నడుములో దోపుకోని, కుప్పం బస్సును వదిలేసి హైదరాబాదు బస్సెక్కింది.

పక్క సీటు ఆయమ్మ ఊరికే గొణుగుతా ఉంది. "ఏం రాజధానమ్మా ఇది, పోయినా పోయినా రాదు. ఇంత దూరానా పెట్టేది?"

"మంచి తావులోనే పెట్టినారు," అనింది ఈశ్వరమ్మ, కడుపు అదిమి పట్టుకోని. "ఇంకా కొంచెం అవతలికి పెట్టినా బాగుండు."