రెండో మనిషి ఖర్చు

మా అక్క పందొమ్మిదేళ్లుగా రాళ్లను చూడటానికి కొండెక్కుతోంది. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ పైసా ఇవ్వరు కాబట్టి, దాన్ని డబ్బు రాలే మాటల్లోకి మార్చి రాయడం నా ఉద్యోగం. మా పరిశోధన సంస్థలో నా గది మెట్ల కింద ఉంటుంది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, మూస్తే తెరుచుకోని బీరువా, తెరిస్తే మూసుకోని కిటికీ. అక్కడ కూర్చుని కప్పల వాళ్లకీ, గబ్బిలాల వాళ్లకీ, ఏటి ఇసుక వాళ్లకీ గ్రాంటు దరఖాస్తులు రాసిపెడతాను. అక్కకూ నేనే రాస్తాను. అన్నిటికంటే కష్టమైన దరఖాస్తు అక్కదే.

ఎందుకంటే కప్ప అరుస్తుంది, గబ్బిలం ఎగురుతుంది. అక్క చూసేది లైకెన్‌ను. రాతికి పాచిలా అంటుకుని పెరుగుతుంది. పెరగడమంటే ఏడాదికి అర మిల్లీమీటరు, అదీ మంచి ఏడాదైతే. కొండ భుజం మీద, చెట్లు ఇక మొలవని ఎత్తులో, ఒక్కోటి గదంత ఉన్న నలభై బండలకు అక్క నంబర్లు వేసుకుంది. ఏటా మంచు కరిగి ఉండే మూడు వారాల్లో వెళ్లి, ఒక్కో బండ మీది మచ్చను నీళ్లతో తడిపి, అవతలికి కనిపించే ప్లాస్టిక్ కాగితం పరిచి, మచ్చ అంచు వెంబడి సన్నటి కలంతో గీత గీస్తుంది. నిరుటి గీత మీద ఈ ఏటి గీత పెట్టి చూస్తే కొండ మీద గాలీ ఎండా ఎలా మారుతున్నాయో తెలుస్తుంది. అంతే పని.

తిప్పలన్నీ అంచుతోనే. లైకెన్ గోడ కట్టినట్టు ఒకచోట ఆగిపోదు, పలచబడి పలచబడి రాతిలో కలిసిపోతుంది. అక్క చూపుడు వేలితో తడిమి, ఇక్కడిదాకా అని తేల్చుకుని గీస్తుంది. ఇంకొకరైతే వెంట్రుక వాసి లోపలికో బయటికో గీస్తారు. ఏడాది మొత్తం పెరిగేదే ఆ వెంట్రుక వాసి. అందుకని ఈ పనిలో చెయ్యి మారకూడదు. మారక తప్పకపోతే, ముందు ఒక ఏడాది పాత చెయ్యీ కొత్త చెయ్యీ అవే బండల మీద ఒకే రోజు విడివిడిగా గీసి, ఇద్దరికీ తేడా ఎంతో తేల్చుకోవాలి. అప్పుడే లెక్క తెగకుండా ముందుకు సాగుతుంది.

దానికి ఇద్దరు కొండెక్కాలి. ఆ రెండో మనిషి ఖర్చును ఆరేళ్లు వరసగా దరఖాస్తులోంచి కొట్టేసింది నేనే.

మొదటిసారి అక్క అడిగినప్పుడు దరఖాస్తులో పెట్టాను. కమిటీ వాళ్లు ఎర్ర సిరాతో, ఒక కొలతకు ఇద్దరెందుకని రాసి తిప్పి పంపారు. ఆ మరుసటి ఏడు నుంచి వాళ్లకు ఆ శ్రమ లేకుండా నేనే తీసేసేదాన్ని. దరఖాస్తు ఎంత సన్నగా ఉంటే అంత తేలిగ్గా కమిటీ గుమ్మం దాటుతుందని నా అనుభవం.

"ఏమే, రెండో మనిషి లైను మళ్లీ మాయమైంది?" అనేది అక్క, నా బల్ల మీదికి వంగి.

"అది పెడితే మొదటికే మోసం వస్తుందక్కా. ముందు నువ్వైతే వెళ్లిరా."

"నేను పోయాక?"

"నువ్వెక్కడికి పోతావు! అక్కడ నలభై బండలు. నలభై ఒకటోదానివి నువ్వు."

అక్క పకపకా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అలా నవ్వుకుంటూనే ఆరేళ్లు గడిపేశాం.

ఈ ఏడాది రెండు దెబ్బలు ఒక్క నెలలోనే తగిలాయి. పాత గ్రాంటును పూర్తిగా ఆపేశారు. అదే నెలలో డాక్టరు అక్క మోకాళ్ల ఫొటోలను వెలుతురుకు పట్టి చూసి, చలికాలానికి రెండింటికీ ఆపరేషన్ తప్పదన్నాడు. ఆ తర్వాత చదును నేల మీద నడిస్తే అదే గొప్పట, కొండల మాట మరిచిపోవాలట.

"ఈ ఎండాకాలం ఎక్కగలనా?" అంది అక్క.

"కట్లు కట్టుకుని, నెమ్మదిగా. ఇదొక్కసారే."

ఆసుపత్రి మెట్లు దిగుతూ అక్క నా భుజం పట్టుకుంది. "ఇదొక్కసారే అన్నాడు విన్నావుగా. పిచ్చుకను తీసుకెళ్లాలి. ఇద్దరం కలిసి గీయాలి. ఎవరి కాళ్లు పట్టుకుంటావో ఏమో, నాకు తెలీదు."

పిచ్చుక అంటే అక్క దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. ఇరవయ్యేడేళ్లుంటాయి. చిన్న ఒళ్లు, ఒకచోట కుదురుగా కూర్చోదు. బండ ముందు మాత్రం గంటలకొద్దీ కదలదు.

వానకోట్లూ గుడారాలూ తయారుచేసే ఒక కంపెనీని పట్టుకున్నాను. వాళ్ల ప్రచార విభాగం అబ్బాయి మమ్మల్ని చల్లటి గాజు గోడల గదిలో కూర్చోబెట్టాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న పుస్తకం, మాటిమాటికీ తలుపు వైపు చూపు. మా కంటే వాడికే వాళ్ల పైవాళ్లంటే ఎక్కువ భయమని కూర్చోగానే తెలిసిపోయింది.

"అంటే మేడం, ఈ లైకెన్ ఏం చేస్తుంది?"

"పెరుగుతుంది," అంది అక్క.

"పెరిగి?"

"ఇంకొంచెం పెరుగుతుంది."

బల్ల కింద అక్క కాలు తొక్కాను. "బాబూ, లైకెన్‌ను పక్కన పెట్టండి," అన్నాను. "ఒకే కొండ, ఒకే మనిషి, ఇరవై ఏళ్లు. ఈ ఏడుతో ఇరవై నిండుతుంది. అరవై రెండేళ్ల ఆవిడ మీ కోటు వేసుకుని ఆ వానలో కొండెక్కుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి."

ఊహించాడు. కళ్లు మెరిశాయి. పది రోజుల్లో ఒప్పందం కుదిరింది. ఇద్దరి ఖర్చూ ఇస్తామన్నారు. పిచ్చుక నా గదిలోకి వచ్చి నన్ను కుర్చీతో సహా గిర్రున తిప్పేసింది. ఉద్యోగంలో చేరాక అంత గర్వపడ్డ రోజు నాకు ఇంకొకటి లేదు.

బయలుదేరడానికి ఎనిమిది రోజుల ముందు కంపెనీ నుంచి ఇన్సూరెన్సు కాగితాలు వచ్చాయి. అరవై దాటినవాళ్లు అటవీశాఖ గేటు దాటి పైకి వెళ్లకూడదు. వెళితే జట్టు మొత్తానికీ బీమా చెల్లదు. బీమా లేకపోతే అటవీశాఖ అనుమతీ చెల్లదు. అప్పటికే నారింజరంగు కోటులో అక్క మొహం బస్టాండు గోడల మీదికి ఎక్కేసింది.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను.

"నేనూ బతిమాలాను మేడం. వాళ్లు వినలేదు. పెద్ద మేడం కింద క్యాంపులో ఉండొచ్చు. ఫొటోలన్నీ అక్కడే తీసుకుందాం."

"గోడల మీద ఆవిడ మొహమే వేశారు కదయ్యా!"

"మొహానికి ఇన్సూరెన్సు అక్కర్లేదు కదా మేడం," అన్నాడు. ఎగతాళికి అనలేదు పాపం.

సంగతి చెప్పడానికి వెళ్లేసరికి అక్క వంటగదిలో నేల మీద కాళ్లు చాపుకుని, పాత కాగితాలకు మధ్య మధ్య పలచటి గుడ్డ పెడుతోంది. విన్నంతసేపూ చేతులు ఆపలేదు.

"వద్దని రాసేయనా?" అన్నాను. "ఇంకో కంపెనీని చూద్దాం."

"ఎనిమిది రోజుల్లోనా? మంచు నీ దరఖాస్తు కోసం ఆగుతుందా?"

"మరి సొంతంగా..."

"నిరుడు కూలీలకూ కంచరగాడిదలకూ సగం నా పింఛనే పోయింది. ఇంకేం మిగిలిందే?" గుడ్డ మడత సరిచేసింది. "ఒప్పుకో. నేను ఎక్కకపోయినా పిచ్చుక ఎక్కుతుంది. ఈ ఏడు అదీ ఎక్కకపోతే ఆ బండలకు దిక్కెవరు?"

"అక్కా, ఆ ఆరేళ్లలో ఒక్క ఏడాదైనా నేను..."

"ఊరుకో," అంది. గట్టిగా కాదు. కానీ కాదనలేదు. నా తప్పేం లేదంటుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. అక్క ఆ మాట అనలేదు.

కొండ కింద, గేటు దగ్గర కాపలాదారు అక్కను చూసి లేచి నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ల పరిచయం. అట్టకు గుచ్చిన పేర్ల కాగితాన్ని ఒకసారి చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ చదివాడు.

"అమ్మా, ఇందులో మీ పేరు లేదే?"

"లేదు నాయనా. పిల్లను పంపించు."

"ఎవరో రాయడం మరిచారేమో. మీరు వెళ్లండమ్మా, నేను అటు తిరిగి నిలబడతాను."

అక్క గేటు కడ్డీ మీద చెయ్యి వేసింది. వెళ్లిపో అక్కా, వెళ్లిపో అని లోపల అనుకుంటున్నాను. అంతలో వెనక నుంచి ప్రచారం అబ్బాయి పరుగున వచ్చి ఆగాడు. అడ్డు రాలేదు. ఒంట్లోని నెత్తురంతా కాళ్లలోకి దిగిపోయినట్టు తెల్లబోయి నిలబడ్డాడు. అక్క వాడి వైపు చూసింది, కాపలాదారు వైపు చూసింది. కడ్డీ మీది చెయ్యి తీసేసింది.

"మీ ఇద్దరి ఉద్యోగాలూ ఊడగొట్టి నేను చూసేది రాళ్లనేగా," అంది.

పిచ్చుక ఒక్కర్తే కూలీలతో పైకి వెళ్లింది. అంతకుముందు రెండు రోజులు క్యాంపు చుట్టూ ఉన్న బండల మీద ఇద్దరూ గీసి చూసుకోకపోలేదు. కింద పెరిగేది వేరే జాతి లైకెన్. అంచు నాణెం అంచులా తెగినట్టుంటుంది. దాని మీద ఎవరు గీసినా ఒకటే, తేడా తేలదు. పై నుంచి పిచ్చుక ఫొటోలు తీసి రోజూ కూలీతో పంపేది. అక్క వాటిని చిన్న తెర మీద పెద్దవి చేసి, వేలితో తడిమి, ఆ తెర నున్నగా తగిలేసరికి పక్కన పెట్టేసేది.

ఆరో రోజు మధ్యాహ్నం పిచ్చుక దిగివచ్చింది. మొహం ఎండకు కమిలిపోయింది. నలభై కాగితాలూ గుండెలకు హత్తుకుని తెచ్చింది. గుడారం బయట మడత బల్ల మీద అక్క నిరుటి కాగితం పరిచి, దాని మీద ఈ ఏటిది పెట్టింది. ఒకటో బండ గీత పెద్దదైంది. రెండోదీ అంతే. ఏడో బండకు వచ్చేసరికి కొత్త గీత పాత గీత లోపలికి పోయింది. అలా మొత్తం పదకొండు.

"చనిపోతున్నాయా మేడం?" అంది పిచ్చుక. "నేను లోపలికి గీశానా?"

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "రెండిట్లో ఏదో చెప్పలేనమ్మా. నేను పక్కనుంటే చెప్పేదాన్ని."

ప్రతి కాగితం మూలనా ఏటేటా అక్క తన చేత్తో అది ఎన్నో ఏడో అంకె వేస్తుంది. కలం తీసుకుంది గానీ వేయలేదు.

"ఇరవై అనే వెయ్యి అక్కా," అన్నాను. నోరెలా వచ్చిందో నాకే తెలీదు. "ఒప్పందంలో ఇరవై అని రాసిచ్చాను. వెంట్రుక వాసి తేడా ఎవరు చూడొచ్చారు?"

"ఇరవై అని వేస్తే ఆ పదకొండూ చచ్చినట్టు నేను సంతకం పెట్టినట్టేనే. బతికే ఉన్నాయేమో!"

మొదటి కాగితం మూలన ఒకటి అని వేసింది. రెండో దాని మీదా ఒకటి. నలభై కాగితాల మీదా ఒకటి, ఒకటి, ఒకటి. పిచ్చుక బల్ల అంచు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అటు జరిగి ఏడువు, సిరా తడి ఆరలేదు," అంది అక్క. కాగితాలన్నీ దాని వైపు జరిపి, "ఏటా నువ్వే గియ్యి. ఇవి నీవి," అంది. తన పందొమ్మిదేళ్ల కట్టను విడిగా గుడ్డలో చుట్టి తాడు బిగించింది. ముడి రెండుసార్లు వేసింది.

ప్రచారం అబ్బాయి కెమెరా వాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇరవై నిండినట్టేనా మేడం?" అని నన్నడిగాడు.

"లేదు బాబూ. ఇది మొదటి ఏడు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని కొట్టేశాడు. "సరే, ముందు ఫొటో తీసుకుందాం. పెద్ద మేడం, ఒక కాగితం పట్టుకోండి. ఇటు చూసి కొంచెం నవ్వండి."

అక్క కాగితం పట్టుకుంది. కానీ కొండ వైపు తిరిగి పట్టుకుంది. మబ్బు పట్టి పైన బండలేవీ కనిపించడం లేదు.

"ఇటు మేడం, మొహం పడటం లేదు," అన్నాడు కెమెరా వాడు. మళ్లీ అన్నాడు. అక్క తిరగలేదు.