నీలి నూలు పోగు

నాలుగు రోజులుగా చౌడయ్య ఖాకీ చొక్కా మీద కొత్త మచ్చ పడలేదు.

మొగుడి చొక్కాకి మచ్చ పడలేదని దిగులుపడే ఆడది లోకంలో ఎక్కడా ఉండదు. రావమ్మ దిగులుపడింది. చాకిరేవు బండ మీద చొక్కా పరిచి చేతులూ, జేబులూ, కాలరూ తిరగేసి మరగేసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమట వాసన, బీడీ వాసన. అంతే.

కొండ కింద పంపుహౌసులో కృష్ణ నీళ్ళకి మందు కలపడం మొదలెట్టింది మొన్న వైశాఖంలో. యుద్ధం ఆఖరయ్యే రోజులు. అంతకుముందు నీళ్ళని ఇసక తొట్లలో వడగట్టి వదిలేసేవాళ్ళు. ఇప్పుడు ఇనప డబ్బాల్లో తెల్లటి పొడి వస్తుంది. దాన్ని తొట్టిలో కలిపి, పైన తేరిన నీళ్ళని సన్న గొట్టంలోంచి పెద్ద తొట్టిలోకి చుక్కచుక్కగా వదలాలి. ఆ కలిపే పని చౌడయ్యది. అప్పటినించీ రోజూ అతని చొక్కా మీద కందిగింజంతేసి తెల్ల మచ్చలు, ఇంటినిండా ముక్కు మండించే ఘాటు. ఉతికి ఉతికి రావమ్మ వేళ్ళు పగిలి నెత్తురొచ్చేవి. "ఎందుకే ఆ ఏడుపు మొహం? సర్కారు మందు, అందరికీ అంటుతుందా ఏం," అనేవాడు చౌడయ్య. పగిలినవి తన వేళ్ళు కావు గదా.

అయినా ఆ మందంటే ఆమెకి ప్రాణం. ఏడేళ్ళ కాపురంలో ఆమె బతుకంతా నీళ్ళకే సరిపోయింది. తెల్లారకముందే కాలవ నించి ఆరు బిందెలు. బురద పేరుకోవడానికి కడవలో ఇండుప గింజ అరగదీయడం, తేరాక వంచడం, పిడకలు రాజేసి కాచడం, చల్లార్చడం. కాచిన నీళ్ళకి పొగ వాసనని అత్త హనుమాయమ్మ తుపుక్కున ఊసేది. కాచకపోతే వాంతిభేది, కాస్తే అత్త సాధింపు. మందు కలిశాక వీధి కుళాయి నీళ్ళు తిన్నగా తాగొచ్చన్నారు. ఆ వేసవిలో మొదటిసారి రావమ్మ పొద్దున్నే ఊరికే అరుగు మీద కూచుంది. ఏం చెయ్యాలో తోచక చేతులు చూసుకుంది. పక్కింటి సైదాబీకి కూడా తనే చెప్పింది. "కాచబోకు సైదాబీ, ఇవి మందు పడ్డ నీళ్ళు. పూచీ నాది."

పూచీ నాది అంది. ఇప్పుడు సైదాబీ కూతురు గౌసియా మూడు రోజులుగా మంచం మీద వాంతులూ విరేచనాలతో పీక్కుపోయి పడుంది. ఆ వీధిలోనే ఇంకో నాలుగిళ్ళలో అదే జబ్బు.

చొక్కా పిండుతూ రావమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కేసుకుంది. మచ్చలు ఆగింది ఎప్పుడు? దసరా వెళ్ళాక.

అప్పుడామె చేతిలో చొక్కా జారి నీళ్ళలో పడిపోయింది.

దసరాకి బెజవాడలో కత్తి ఉన్నవాడు కత్తికీ, బండి ఉన్నవాడు బండికీ పూజ చేస్తాడు. చౌడయ్య పంపుహౌసులో మందు డబ్బాలకి పూజ చేశాడు. పదకొండు డబ్బాలూ వరసగా పెట్టి, మూతలు తీసి, పసుపు రాసి బొట్లు పెట్టాడు. మూతలు ఎందుకు తీశావంటే హనుమాయమ్మ చెప్పిందట. "అమ్మవారి ముందర మూసిపెడితే పూజ లోపలికెట్టా అందుద్దిరా? ఉద్వాసన చెప్పేదాకా మూత పెట్టబోకు, అమ్మవారి కళ్ళు మూసినట్టౌద్ది." మూడు రోజులు అలాగే ఉంచాడు. ఆ మూడు రోజులూ చిత్త కార్తె వాన ఏకధారగా కురిసింది. ఇదంతా అతనే ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. రావమ్మ అన్నం వడ్డిస్తూ వింది. వడ్డించేదానికి వినడమే గాని అడగడం ఎక్కడిది?

ఆమె పుట్టిల్లు మంగళగిరి. నాన్న బసవయ్య నూలు చలవ చేసి రంగులద్దేవాడు. నూలు చలవ చేసే పొడీ ఈ నీళ్ళ మందూ ఒకటేనని మొదటి రోజే చొక్కా వాసన చూసి పోల్చుకుంది. "అది మహా గాలి పిరికిది తల్లీ," అనేవాడు నాన్న. "చెమ్మ తగిలిందా, చూడటానికి పొడి ఉంటది, లోపల ప్రాణం ఉండదు. సున్నమూ దానికంటే నయమే." పాత పొడి అంటగట్టే బేరగాణ్ణి నమ్మేవాడు కాదు. పిడికెడు పొడి నీళ్ళలో కలిపి నీలి రంగు పోగు ముంచేవాడు. తాంబూలం నమిలేలోగా పోగు తెల్లబడితే సరుకు మంచిది. లేకపోతే సంచీ వెనక్కి. ఆ పోగు ముంచే పని ఎనిమిదేళ్ళ రావమ్మది. పెళ్ళయ్యాక ఆ ఎరుక గురించి ఎవరూ అడగలేదు. వంటొచ్చా, పాటొచ్చా అని మాత్రం అడిగారు.

మధ్యాహ్నం చౌడయ్య అన్నానికి రాగానే చెప్పింది.

"ఏమండీ, డబ్బాల్లో మందు చచ్చిపోయింది. వానకి మూతలు తీశారు గదా."

ముద్ద ఆగింది. "ఎవరు చెప్పారే?"

"మీ చొక్కా."

చౌడయ్య పెద్దగా నవ్వాడు. "విన్నావా అమ్మా? దీనితో చొక్కాలు మాట్లాడుతున్నయ్యంట. మద్రాసు పంపాం నీళ్ళు, పరీక్షకి. పెద్ద పెద్ద దొరలు చూస్తారు. ఇంకా జవాబే రాలేదు. ఈవిడ చాకిరేవులో తేల్చేసింది."

"పూజ చేసిన డబ్బాలకి వంక పెడుతోందిరా," అంది హనుమాయమ్మ గోడవారనించి. "నోరు మంచిదైతే ఊరు మంచిదౌద్ది. మగ్గం గుంటలో పుట్టినదానికి ఇంజనీరు మాటలెందుకు?"

హనుమాయమ్మ కూడా మగ్గం గుంటలోనే పుట్టింది. ఆ మాట రావమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఏడేళ్ళలో మింగినవాటితో కడవలు నింపొచ్చు.

చెయ్యి కడుక్కుంటూ చౌడయ్య ఇంకో మాట అన్నాడు, మామూలుగానే. "ఎట్టాగూ రేపటితో సరి. మందేసినా జబ్బు ఆగకపోతే ఈ ఖర్చు దేనికని మా పైఅధికారి ఖాలిక్ సాహెబు గారు మందే ఆపేస్తారంట. మళ్ళీ ఇసక తొట్లే. నాకూ కళ్ళమంట తప్పుద్ది. మీ ఆడాళ్ళు మునపటిలాగా కాచుకోండి."

మునపటిలాగా. ఆరు బిందెలు, ఇండుప గింజ, పిడకల పొగ. కాచడానికి పిడక లేని ఇళ్ళలో పిల్లలు గౌసియాలాగా. ఆ ఒక్క మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగాడా అని రావమ్మ అతని మొహం వంక చూస్తూ నిలబడిపోయింది. అతను తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. అలవాటుగా అందించింది. అందించాక తన చేతి మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు క్యారేజీ కట్టింది. దాంతో పాటు పెట్టె అడుగునించి పుట్టింటి నించి తెచ్చుకున్న, పోగులు చుట్టిన నీలి నూలు చిలప తీసింది. నాన్న చేత్తో అద్దిన రంగు. రెండు పోగులు తెంపి కొంగున ముడేసుకుంది. రెండు గాజు గ్లాసులు సైదాబీని అడిగి తీసుకుంది.

"గ్లాసులెందుకక్కా?" అంది సైదాబీ. కళ్ళు వాచి ఉన్నాయి.

"పూచీ పడ్డాను గదా," అంది రావమ్మ.

పంపుహౌసులో మందు గది గుమ్మం ముందు ఖాలిక్ సాహెబు గారు నిలబడి ఉన్నారు. పెద్ద మనిషి, పంపుహౌసంతటికీ ఆయనే అధికారి. గొట్టాలు ఎక్కడో పగిలి మురుగు కలుస్తోందని వీధంతా తవ్వించారు. పగులు కనబడలేదు. చౌడయ్య చేతులు కట్టుకుని పక్కన ఉన్నాడు. భార్యని చూసి, క్యారేజీ అక్కడ పెట్టి పొమ్మని కళ్ళతోనే చెప్పాడు.

రావమ్మ క్యారేజీ కింద పెట్టింది. పోలేదు.

"సాహెబు గారూ, ఒక్క తాంబూలం నమిలేంత సేపు ఆగండి. మందు ఆపే ముందు, అది మందో కాదో చూడండి."

"నువ్వు ఇంటికి పద," అన్నాడు చౌడయ్య పళ్ళ మధ్యనించి.

"ఎలా చూస్తావమ్మా?" అన్నారు సాహెబు విసుగ్గానే. విసుగైనా, అడిగారు. ఏడేళ్ళలో ఆమెని ఒకరు ఎలా అని అడగడం అదే మొదలు.

బొట్లు పెట్టిన డబ్బాలోంచి గరిటెడు పొడి ఒక గ్లాసులో వేసి నీళ్ళు పోసింది. మూలన గోనెల కింద ఇంకో డబ్బా ఉంది. పండగ నాడు కనబడక పూజకి నోచుకోనిది. సీలు కూడా విప్పలేదు. అది విప్పించింది. విప్పగానే గదంతా ఘాటు. చౌడయ్యకే దగ్గొచ్చింది. ఆ వాసనకి రావమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మంటకి కొంతా, నాన్న గుర్తొచ్చి కొంతా. అందులోది రెండో గ్లాసులో కలిపింది. రెంటిలోనూ చెరో నీలి పోగు వదిలింది.

బయట కృష్ణ హోరు వినబడుతోంది. ఇంజను తిరుగుతోంది. రెండో గ్లాసులో పోగు ముందు పచ్చబడి, తర్వాత గోధుమ రంగుకి దిగి, చూస్తుండగానే మల్లెపువ్వులాగా తెల్లబడిపోయింది. మొదటి గ్లాసులో పోగు నీలంగానే ఉంది. ఎంతసేపు చూసినా నీలమే.

ఖాలిక్ సాహెబు వంగి ఆ నీలి పోగు వేలితో పైకి తీశారు. బొట్లు పెట్టిన పదకొండు డబ్బాల వంకా చూశారు. తర్వాత చౌడయ్య వంక చూశారు. ఆ చూపే చౌడయ్యకి వేడి నీళ్ళు పోసినట్టయింది.

"ఈ కిటుకు ఎవరు చెప్పారమ్మా?"

"నేనే అనుకున్నానండీ, చూద్దామని..." చౌడయ్య అందుకున్నాడు. "మా ఆవిడతో అన్నానండీ రాత్రి..."

రావమ్మ మొగుడి వంక చూడలేదు. "మా నాన్న నేర్పాడండీ. చూసింది నేను. ఆయన చొక్కా ఉతికేది నేనే గనక నాకు తెలిసింది."

ఆ సాయంత్రానికే పదకొండు డబ్బాలూ బయటికి పోయాయి. ఆ ఒక్క డబ్బా మందే తొట్టిలో కలిసింది. గుంటూరునించి కొత్త డబ్బాలొచ్చేదాకా అదే ఆదుకుంది. వారం తిరిగేసరికి వీధిలో కొత్త జబ్బు లేదు. గౌసియా లేచి కూచుని చారన్నం తిని, ఊరగాయ పెట్టలేదని తల్లితో పోట్లాడింది. సైదాబీ పరుగెత్తుకొచ్చి ఆ పోట్లాట సంగతి చెపుతూ ఏడ్చింది. హనుమాయమ్మ మాత్రం, "అంతా అమ్మవారి దయ," అంది. "అవునత్తా," అంది రావమ్మ, "ఆ ఒక్క డబ్బాకీ పూజ చెయ్యనివ్వలేదు, ఆ తల్లి దయే." హనుమాయమ్మ తమలపాకు నమలడం మర్చిపోయింది.

ఖాలిక్ సాహెబు గారు చౌడయ్యని వెంటపెట్టుకుని వాళ్ళ వాకిట్లోకొచ్చారు. రోజూ మందు కలిపే ముందు పోగు పరీక్ష జరగాలని రాసుకొచ్చారట. చౌడయ్యతో రెండు రోజులు చేయించి చూశారు. ఒకనాడు తడి చేత్తో డబ్బాలో చెయ్యి పెట్టాడు. రెండోనాడు అతను తెచ్చిన పోగుకి రంగు చాలక పరీక్ష తేలలేదు. "అమ్మా, ఈ పని నీకు తెలుసు. పంపుహౌసులో ఉద్యోగం, పుస్తకంలో నీ పేరు. వస్తావా?"

"ఆడకూతురండీ," అన్నాడు చౌడయ్య. "ఇంటిపని, క్యారేజీ, అమ్మకి వేన్నీళ్ళు... తీరిక ఉండదండీ."

రావమ్మ పగిలిన వేళ్ళు చూసుకుంది. పగుళ్ళు మానుతున్నాయి. లోపలికెళ్ళి నీలి నూలు చిలప తెచ్చి వాకిట్లో నిలబడింది.

"వస్తానండీ," అంది. "క్యారేజీ రేపణ్ణించి ఆయనే కట్టుకుంటారు. ఇద్దరికీ కట్టమనండి, నేనూ పనికే గదా వస్తున్నాను."