పందిరి కింద మందు

ఆమె దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, పెరట్లో ద్రాక్ష పందిరి, ఆమె లోకమంతా ఆ రెండే. ఎవరో ఇచ్చిన కొమ్మను నాటి, ఇనుప తీగలు కట్టి పాకించి, ఏటా చలికాలంలో కత్తిరించి కంటికి రెప్పలా పెంచింది. మూడో ఏడు తొలిసారి గుత్తులు దిగాయి.

అప్పుడే మరిది వచ్చి చేరాడు. అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఊరికే తింటున్నానన్న బెంగతో చెప్పకముందే కుళాయి బిగించేవాడు, తలుపులకు రంగు వేసేవాడు.

"కాస్త కూర్చోరా బాబూ! కాళ్లకు చక్రాలున్నాయా?" అని నవ్వేది వదిన.

"కూర్చుంటే తుప్పు పడతాను వదినా."

ఒకరోజు ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. వదిన సంతోషిస్తుందనుకుని, పందిరి కింద మోకాలెత్తు పెరిగిన గడ్డికి మరిది కలుపు మందు కొట్టాడు. గాలి బాగా వీస్తోంది.

వారం తిరక్కుండా ద్రాక్షాకులు మడిచిన విసనకర్రల్లా ముడుచుకుపోయాయి. పిందెలు నల్లబడి రాలాయి.

"గడ్డికే కొట్టాను వదినా. తీగకు తగులుతుందని తెలీదు."

ఆమె నోరు జారింది. "నువ్వు తిని ఊరికే కూర్చున్నా బాగుండేది."

గుమ్మంలో నిలబడ్డ భర్త విన్నాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి మరిది సంచి సర్దుకున్నాడు. గోదాములో పని దొరికిందన్నాడు. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు. అయినా ఆమె ఆపలేకపోయింది.

ఆ తర్వాత ఫోను చేస్తే "బాగున్నా" అని పెట్టేసేవాడు. చలికాలంలో ఆమె ఎండిన తీగను మొదలుదాకా కోసేసింది. ఎండలు ముదరకముందే అడుగునుంచి చిగురు లేచింది. ఆ వంకతో బస్సెక్కి అతని దగ్గరికి వెళ్లింది.

దుకాణం మేడమీద ఇరుకు గది. మనిషి సగమైపోయాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు వేసి తాను నిలబడ్డాడు.

"తీగ బతికిందిరా."

"సంతోషమండీ. మీరు టీ తాగుతారా?"

ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచీ 'నువ్వు' అన్నవాడు!

"కోపంలో అన్నానురా. ఇంటికి రా."

"మీరన్నదాంట్లో తప్పేముంది వదినగారూ?" అంటూ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. కోపమే ఉంటే బతిమాలేది.

బస్సు ఎక్కించి, పనికి వేళైందంటూ వెళ్లిపోయాడు.

"వస్తానన్నాడా?" ఇంటికి రాగానే భర్త అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నన్ను 'మీరు' అన్నాడు," అంది.