సగం కంచం

మిషను మీద చొక్కా కుడుతూ కుడుతూనే నాన్న తల వాల్చేశాడు. పక్క కొట్టు ఆయన చూసి ఆసుపత్రికి తెచ్చాడు. కూతురు ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. నాన్న అప్పటికే కళ్లు తెరిచి అమ్మ దగ్గర సణుగుతున్నాడు, కత్తెర బల్ల మీదే వదిలేశానని, ఎవరైనా దాంతో కాగితాలు కత్తిరిస్తే మొద్దుబారి చస్తుందని.

రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. షుగరు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అంటే ఒక్క పూట కూడా తప్పలేదన్నాడు. మాత్ర వేసుకుని సరిగ్గా తినకపోతే చక్కెర ఇలాగే పడిపోతుంది, మరి తిండి సంగతేమిటని అడిగింది.

"ఆకలుండటం లేదండీ."

బరువు చూస్తే పోయినసారి కంటే బాగా తగ్గాడు. డాక్టరమ్మ మొహం మారింది. ఆకలి లేక, ఏ కారణమూ లేకుండా మనిషి ఇంత తగ్గితే ఊరుకోకూడదని, లోపల గడ్డలాంటిదేమైనా ఉందేమో స్కానింగు తీయిద్దామని, కడుపులోకి గొట్టం వేసి కూడా చూద్దామని అంది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కారణం కూతురికి తెలుసు.

రెండు నెలల కిందట భోజనాల దగ్గర, ఇంతకీ అక్కడ ఏం చేస్తావే అని నాన్న అడిగాడు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. మా అమ్మాయి పెద్ద పరిశోధన చేస్తోందని వీధంతా చెప్పుకుని తిరిగే మనిషికి, సీసాల్లో ఈగల్ని పెంచుతున్నానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందని మా పరీక్షల్లో తేలుతోంది నాన్నా, అంది. ఎవరి తిండో, ఎవరి ఆయుష్షో చెప్పలేదు. మర్నాటి నుంచి నాన్న సగం కంచంతో లేచిపోవడం మొదలెట్టాడు. నీ చదువు నాకూ అక్కరకొచ్చిందే అన్నాడు. ఆమె మురిసిపోయింది. వదులైన ప్యాంట్లను ఆయనే నడుం దగ్గర పట్టి లోపలికి కుట్టేసుకుంటుంటే చూసి కూడా ఏమీ అనలేదు.

డాక్టరమ్మ పెన్ను తీసింది. నాన్న కూతురి వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమెకు ఉన్నపళంగా భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఆకలి లేక కాదండీ. నేను చెప్పానని తిండి తగ్గించేశారు."

"మీరు డాక్టరా?"

"కాదండీ. ఈగల మీద పనిచేస్తాను."

పక్క మంచం మీది ముసలాయన బాగా వినబడాలని ఇటు తిరిగి పడుకున్నాడు. డాక్టరమ్మ పెన్ను మళ్లీ జేబులో పెట్టుకుంది. ముందు వేళకు తిననివ్వండి, అప్పటికీ బరువు పెరగకపోతే స్కానింగు సంగతి చూద్దాం అని చెప్పి వెళ్లిపోయింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

నాన్న కూతురి వైపు తల తిప్పాడు.

"ఈగలా?"

"ఈగలే నాన్నా."

"అవి షుగరు మాత్రలు వేసుకుంటాయా?"

"వేసుకోవు. అది నాకు తట్టాల్సింది."

"ఇంకేమైనా దాచావా? ఇప్పుడే చెప్పెయ్."

తిండి తగ్గించిన ఈగలు గుడ్లు కూడా తక్కువే పెడతాయని చెప్పింది.

"నాకిప్పుడు ఆ బెంగ లేదులే," అన్నాడు.

ఏడుపులోనే అమ్మకు నవ్వొచ్చింది. రొట్టె తుంచి పాలలో ముంచి ఆయన నోటికి అందించింది. రెండో ముక్కకు ఆయన నోరు తెరవలేదు. దాన్ని పెట్టనీ, అన్నాడు.

కూతురు ముక్క అందుకుంది. నోటిదాకా తెచ్చేలోపే పాలు ఆయన చొక్కా మీద ఒలికాయి. ఆయన తుడుచుకోలేదు, నెమ్మదిగా నమిలాడు. ఆమె మాత్రం తలెత్తి ఆయన మొహంలోకి చూడలేకపోయింది.